ఎంఎస్ నడకకు వీఆర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) ఉన్నవారి నడక గురించి, అందులోనూ వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే తెర మీదో హెడ్‌సెట్‌లోనో కనిపించే కల్పిత దృశ్యాల మధ్య సాధన) శిక్షణ గురించి విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం. ఇవి సాధారణ సలహాలు. మందు మార్చాలన్నా, కొత్త వ్యాయామం మొదలుపెట్టాలన్నా మిమ్మల్ని చూస్తున్న న్యూరాలజిస్టుతో ఒకమాట అనుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 29 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఎంఎస్ అని తేలింది. కర్ర లేకుండానే నడుస్తుంది గానీ అరకిలోమీటరు దాటితే కుడికాలు ఈడుస్తుంది. నడుస్తూ ఫోన్ మాట్లాడితే తూలుతుంది. ఇక్కడొక ఫిజియో సెంటర్‌ వాళ్లు మూడు నెలల వీఆర్ ప్యాకేజీ తీసుకోమంటున్నారు. ఇది నిజంగా పనిచేస్తుందా, లేక పాత ఫిజియోకే కొత్త వేషమా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: పనిచేస్తుంది. పాత ఫిజియోకి కొత్త వేషమన్నదీ చాలావరకు నిజమే.

ఎంఎస్‌లో ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము, చూపు నరాల్లోని నరాల పోగుల చుట్టూ ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. పొర పోయినచోట నరంలో సందేశం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి దారిలోనే ఆగిపోతుంది. వీఆర్ ఆ పొరను తిరిగి తెచ్చిపెట్టదు. మరి ఏం చేస్తుంది? మీరు రాసిన ఫోన్ సంగతిలోనే జవాబుంది. మామూలుగా నడక మన ధ్యాస లేకుండానే సాగిపోయే పని. కాలి నుంచి రావాల్సిన కబురు సరిగ్గా అందనప్పుడు మెదడు ప్రతి అడుగునూ కనిపెట్టుకుని ఉండాలి. అలాంటప్పుడు మాటల్లో పడితే అడుగుకి కాపలా ఉండదు. బీసెంట్ రోడ్డులో ఎదురొచ్చే బైకు, పక్కనుంచి దూరే తోపుడు బండి, పగిలిన ఫుట్‌పాత్, పిలిచే దుకాణదారు, అన్నీ ఒకేసారి చూసుకుంటూ నడవాలి. ఆ రద్దీని నాలుగు గోడల మధ్యకి తెచ్చి, నడుముకి తాడు కట్టి, పడిపోయే భయం లేకుండా సాధన చేయించడమే వీఆర్ వల్ల అసలు లాభం.

పరిశోధనల మాటకొస్తే, 2016లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. తరచూ పడిపోతున్న 60–90 ఏళ్ల వయసువాళ్లు 302 మందిలో కొందరికి ఉత్త ట్రెడ్‌మిల్, మిగతావాళ్లకు ట్రెడ్‌మిల్‌తో పాటు ఎదురుగా తెర మీద అడ్డంకులు ఇచ్చారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు, ఆరు వారాలు. తర్వాతి ఆరునెలల్లో తెర ఉన్న జట్టులో పడిపోవడాలు దాదాపు సగానికి తగ్గాయి. అయితే వాళ్లు ఎంఎస్ రోగులు కారు. అదే పద్ధతిని తర్వాత ఎంఎస్ ఉన్నవారిమీద చూసినప్పుడు, మాట్లాడుతూ నడిచే వేగం రెండు జట్లలోనూ ఒకేలా మెరుగైంది. తెర ఉన్న జట్టుకి అదనంగా దక్కింది ఆలోచనలో చురుకు. మొత్తమ్మీద, ఏమీ చేయకుండా కూర్చోవడంతో పోలిస్తే వీఆర్ మేలు. అన్నే గంటలు శ్రద్ధగా చేయించే మామూలు ఫిజియోతో పోలిస్తే నడకలో తేడా స్వల్పం.

కాబట్టి సెంటర్ వాళ్లను ముందుగా ఇది అడగండి: గంట సెషన్‌లో మా అమ్మాయి ఎన్ని నిమిషాలు కాళ్లమీద ఉంటుంది? కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌సెట్ తగిలించి సముద్రం చూపిస్తామంటే అది నడక శిక్షణ కాదు. పడకుండా పట్టే హార్నెస్ ఉందా, మొదటిరోజే నడకను కొలిచి కాగితం మీద రాసిస్తారా, మధ్యలో రిలాప్స్ (జబ్బు మళ్లీ తిరగబెట్టడం) వస్తే మిగిలిన సెషన్లు ఏమవుతాయి అనేవి తర్వాతి ప్రశ్నలు. మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టొద్దు. ఆరు వారాలకు, అంటే 18 సెషన్లకు ఒప్పుకోండి. కొలతల్లో తేడా కనిపిస్తే ముందుకెళ్లొచ్చు.

ప్రశ్న: నేను ఫిజియోథెరపిస్టుని. మా క్లినిక్‌లో ట్రెడ్‌మిల్, 50 అంగుళాల టీవీ, కాళ్ల కదలికను పట్టే డెప్త్ కెమెరా, హెడ్‌సెట్ ఉన్నాయి. ఎంఎస్ పేషెంట్లకు ఎలా మొదలుపెట్టాలి? ట్రెడ్‌మిల్ మీద హెడ్‌సెట్ పెట్టొచ్చా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: పెట్టొద్దు. వెన్నుపాము వెనక భాగంలో మచ్చలున్న ఎంఎస్ పేషెంటుకి కాలు ఎక్కడుందో కీళ్లు చెప్పవు, కళ్లే చెప్పాలి. కళ్లు మూసుకుని నిలబడమంటే ఊగిపోయేది అందుకే. హెడ్‌సెట్ పెడితే ఉన్న ఆ ఒక్క ఆధారం కూడా పోతుంది. ట్రెడ్‌మిల్‌కి టీవీ వాడండి. హెడ్‌సెట్‌ని కూర్చుని చేసేవాటికి, పట్టుకోడానికి రెండువైపులా కమ్మీలున్నచోట నిలబడి చేసేవాటికి ఉంచండి.

పేషెంటుని ట్రెడ్‌మిల్ ఎక్కించేముందు నేలమీద కొలవండి. 14 మీటర్ల వరండా కావాలి. మొదటి 2, చివరి 2 మీటర్లు వదిలేసి మధ్య 10 మీటర్లకు పట్టిన సమయం చూడండి. 14 సెకన్లు పట్టిందనుకుందాం. సెకనుకు 0.71 మీటర్లు, అంటే గంటకు 2.6 కిలోమీటర్లు. అందులో 80 శాతం, సుమారు 2 కిలోమీటర్లతో మొదలుపెట్టండి. ఇంటికోసం అమ్మే ట్రెడ్‌మిల్స్ చాలావాటికి కనీస వేగం 0.8 లేదా 1 కిలోమీటరు. అంతకంటే నెమ్మదిగా నడిచేవారికి అవి పనికిరావు. మొదటిరోజు తెర వద్దు. ఐదు నిమిషాలు బెల్టు అలవాటు చేస్తే చాలు.

హార్నెస్ కొక్కెం స్లాబులోకి లేదా దూలానికి బిగించాలి, ఫాల్స్ సీలింగుకి కాదు. తాడు పొడవు సరిచూడ్డానికి తేలిక పద్ధతి ఒకటుంది. బెల్టు ఆపి, పేషెంటుని మోకాళ్లు వంచి కిందికి కూర్చోమనండి. మోకాళ్లు బెల్టుకి తగలకముందే తాడు బరువు మోయాలి. మరీ బిగిస్తే తాడుకి వేలాడుతూ నడుస్తారు, కాళ్లకు పని తగ్గుతుంది. కమ్మీలు గట్టిగా పట్టుకున్నా అంతే. రెండు వేళ్లు ఆనించనిచ్చి, ఆ తర్వాత అవీ మాన్పించండి. ఊడితే బెల్టుని ఆపేసే ఎర్ర తాళం క్లిప్పుని పేషెంటు చొక్కాకి తగిలించడం మర్చిపోవద్దు.

టీవీ ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరంలో, మధ్యభాగం కళ్ల ఎత్తున ఉండాలి. కిందికి పెడితే మెడ వంచి నడుస్తారు. ఎంఎస్‌లో మెడ వంచితే కొందరికి వెన్నులోంచి కాళ్లదాకా కరెంటు కొట్టినట్టవుతుంది (లెర్మిట్ లక్షణం).

ఇక మోతాదు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. మొదటి వారం నాలుగైదు నిమిషాల నడక నాలుగు విడతలు, మధ్యలో రెండేసి నిమిషాలు కుర్చీలో విశ్రాంతి. ఆరో వారానికి మొత్తం 30–35 నిమిషాల నడక అయ్యేలా పెంచండి. పెంచేటప్పుడు ఒక రోజు ఒక్కటే మార్చండి. ముందు సమయం, తర్వాత వేగం (0.1 లేదా 0.2 కిలోమీటర్ల చొప్పున), తర్వాత అడ్డంకులు, ఆఖర్న బుర్రకు పని. వేగమూ అడ్డంకులూ ఒకేరోజు పెంచితే, తడబడింది దేనివల్లో మీకే తెలియదు. అడ్డంకుల్లో నీటి గుంటలు అడుగు పొడవు పెంచుతాయి, అడ్డుకర్రలు పాదం ఎత్తు పెంచుతాయి. పాదం ఈడ్చేవారికి కర్రలు ఎక్కువ ఇవ్వండి. పదింటిలో తొమ్మిది దాటేస్తుంటే కష్టం పెంచండి, ఆరుకి తగ్గితే తగ్గించండి. బుర్రకు పని అంటే రెండు దారుల్లో చెప్పిన గుర్తున్న దారి ఎంచుకోవడం, దారిలో ఎన్ని ఎర్ర గొడుగులు కనిపించాయో గుర్తుపెట్టుకోవడం వంటివి.

తరచూ ఎదురయ్యే తప్పుల్లో మొదటిది, దృశ్యం కదిలే వేగం బెల్టు వేగంతో కలవకపోవడం. తెర మీద చెట్లు వేగంగా వెనక్కి పోతుంటే పేషెంటు తనకు తెలియకుండానే నెమ్మదిస్తాడు, కళ్లూ తిరుగుతాయి. రెండోది కెమెరా కాళ్లను పట్టకపోవడం. నల్లటి, మెరిసే బట్టను ఇన్‌ఫ్రారెడ్ కెమెరా సరిగ్గా చూడలేదు. కిటికీలోంచి పడే ఎండ కూడా దాన్ని తికమకపెడుతుంది. చీరకట్టుతో వస్తే చీలమండ అసలే కనిపించదు. లేతరంగు పైజమా, చుడీదార్ వేసుకురమ్మని ముందురోజే చెప్పండి. పేషెంటు సరిగ్గా అడుగేసినా తెర 'తప్పు' అని మోగితే రెండు రోజుల్లో విసిగిపోయి మానేస్తారు.

మూడోది అలసటను కనిపెట్టకపోవడం. ఎంఎస్ అలసట ముఖంలో కనిపించదు, చెప్పుల చప్పుడులో వినిపిస్తుంది. బొటనవేలు బెల్టుకి రాసుకుంటున్న శబ్దం మొదలైందన్నా, మోకాలు వెనక్కి విరుచుకుంటోందన్నా ఆ విడత అయిపోయినట్టే. ఇంకో రెండు నిమిషాలు అని బతిమాలితే తప్పు నడకను నేర్పినట్టవుతుంది. పిక్కలు బిగుసుకుపోయేవారికి ముందుగా 30 సెకన్ల చొప్పున మూడుసార్లు సాగదీయించండి.

చివరి పది నిమిషాలు తప్పకుండా నేలమీద గడపండి. ట్రెడ్‌మిల్ మీద మలుపులుండవు, ఇళ్లలో చాలామంది తూలేది మలుపు దగ్గరే. వరండాలో రెండు కుర్చీల చుట్టూ ఎనిమిది ఆకారంలో నడిపించడం, నీళ్లున్న గ్లాసు పట్టుకుని గడప దాటించడం, ఆగి వెనక్కి చూడమనడం చేయించండి. తెర మీద నేర్చింది ఇంటికి చేరేది ఈ పది నిమిషాల వల్లే. చాలా సెంటర్లలో కోసేసేదీ ఈ పది నిమిషాలే.

ప్రశ్న: హెడ్‌సెట్ పెట్టుకున్న పది నిమిషాలకే వికారం, వస్తువులు రెండుగా కనిపించడం. ఇదివరకు ఎడమ కంటి నరం వాచి స్టెరాయిడ్లు ఎక్కించారు. అలవాటవుతుంది, కానివ్వమంటున్నారు. నిజమేనా?
– మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: వికారం అలవాటవుతుంది. రెండుగా కనిపించడాన్ని అలవాటు చేసుకోకూడదు.

వికారం ఎందుకంటే, దృశ్యం కదులుతోందని కళ్లు అంటాయి, కదల్లేదని లోపలి చెవి అంటుంది. చేతిమీటతో ముందుకు 'నడిచే' ఆటల్లో ఇది ఎక్కువ, మీ ఒంటి కదలికతోనే సాగే ఆటల్లో తక్కువ. ఫోన్ పెట్టుకునే చవక రకం డబ్బాల్లో మరీ ఎక్కువ. అవి తల తిప్పడాన్నే గుర్తిస్తాయి, తల ముందుకు జరిగితే గుర్తించవు. మూడు నుంచి ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, రోజుకి ఒక నిమిషం పెంచుతూ, ఎదురుగా ఫ్యాను గాలి తగిలేలా కూర్చుంటే చాలామందికి సర్దుకుంటుంది.

రెండుగా కనిపించడానికి ముందు కటకాల దూరం చూడమనండి. పెద్దవాళ్లలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. మీ ముందు వాడినవాళ్ల కొలతకే వదిలేస్తే మీకు మసకగానో రెండుగానో కనిపించొచ్చు. అది సరిచేసినా పోకపోతే కారణం మీ కళ్ల కదలికలో ఉండొచ్చు. ఎంఎస్‌లో రెండు కళ్లనూ జతగా తిప్పే నరమార్గం దెబ్బతినడం, కనుగుడ్లు అదిరిపోవడం మామూలే. హెడ్‌సెట్‌లో తెర దూరం స్థిరంగా ఉంటుంది, బొమ్మ మాత్రం దగ్గరికీ దూరానికీ జరుగుతూ ఉంటుంది. ఆరోగ్యమైన కళ్లకే అది శ్రమ. మీ విషయంలో టీవీ తెర మంచిది.

హెడ్‌సెట్ తీశాక కనీసం అరగంట స్కూటీ నడపొద్దు, ఒంటరిగా రోడ్డు దాటొద్దు. తీసేసిన తర్వాత కూడా కొత్తగా రెండుగా కనిపించడం 24 గంటలు దాటి ఉంటే అది రిలాప్స్ కావచ్చు. వీఆర్ పక్కనపెట్టి న్యూరాలజిస్టుని కలవండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే, మెరుపులు, వేగంగా మారే వెలుగులు ఉండే ఆటలేవీ వద్దు.

ప్రశ్న: నడక కోసం డాక్టరు గారు ఫాంప్రిడిన్ రాశారు. దాంతోపాటే వీఆర్ మొదలుపెట్టొచ్చా?
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఒకేరోజు మొదలుపెట్టకండి. ఆ మాత్ర (10 మిల్లీగ్రాములు, 12 గంటల ఎడంతో రోజుకి రెండు, విరవకుండా నమలకుండా మింగాలి) సుమారు మూడోవంతు మందికే నడక వేగాన్ని పెంచుతుంది. మీరు ఆ మూడోవంతులో ఉన్నారా అన్నది రెండు నుంచి నాలుగు వారాల్లో కొలిచి తేల్చుకోవాలి. రెండూ కలిపితే పనిచేసిందేదో తెలియక, అక్కర్లేని మాత్రకు ఏళ్ల తరబడి డబ్బు పోస్తారు. ఫిట్స్ చరిత్ర ఉన్నా, కిడ్నీలు ఓ మాదిరిగా దెబ్బతిన్నా ఈ మాత్ర వాడకూడదు. ఆ సంగతి డాక్టరుకి చెప్పారో లేదో మరోసారి చూసుకోండి. ఒక డోసు మర్చిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోవద్దు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మేనల్లుడు వీఆర్ హెడ్‌సెట్ పంపిస్తానంటున్నాడు. మా వారికి 46 ఏళ్లు, ఎంఎస్ వచ్చి పదకొండేళ్లు, కర్రతో వందమీటర్లు నడుస్తారు. ఇంట్లో మేమే చేయించుకోవచ్చా? ఏం జాగ్రత్తలు?
– గోరంట్ల, గుంటూరు

జవాబు: కర్రతో వందమీటర్లంటే, ఎంఎస్ తీవ్రతను 0 నుంచి 10 వరకు కొలిచే ఈడీఎస్ఎస్ స్కేలు మీద దాదాపు 6. ఆ దశలో హెడ్‌సెట్ పెట్టుకుని ఇంట్లో నడవడం ఒప్పుకోలేం. కూర్చుని, పట్టుకుని నిలబడి చేసేవాటికి మాత్రం పనికొస్తుంది. అదీ ఫిజియోథెరపిస్టు రెండు మూడుసార్లు దగ్గరుండి చూపించాక.

స్థలం కనీసం రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలి. మన హాళ్లలో ఆ మధ్యలోనే టీపాయ్, చాప, స్టెబిలైజర్ వైరు ఉంటాయి. అన్నీ తీసేయండి. చేతులు పైకెత్తితే సీలింగ్ ఫ్యానుకి తగలకుండా చూసుకోండి. చక్రాల్లేని, చేతులున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి వేయండి. ఆయన నిలబడేటప్పుడు కుర్చీ ఎప్పుడూ పిక్కలకు తగులుతూనే ఉండాలి. ముందు గట్టి బల్లగానీ వంటగట్టుగానీ ఉంటే మంచిది. మీరు నిలబడాల్సింది ఆయన బలహీనమైన వైపు, అరడుగు వెనగ్గా. పట్టుకోవాల్సింది చేతిని కాదు, నడుముకి కట్టిన వెడల్పాటి బెల్టుని. చెయ్యి పట్టుకుంటే పడేటప్పుడు భుజం జారుతుంది, మీరూ పడతారు.

బయట గది కూడా కనిపించే పాస్‌త్రూ పద్ధతిలోనే వాడండి. ఇప్పుడొస్తున్న హెడ్‌సెట్లలో ఇది ఉంది. సొంత పాదాలు కనిపిస్తుంటే తూలు తగ్గుతుంది. బరువు అరకిలో ఉంటుంది, అదంతా ముఖం మీదే. వెనక బరువు సమంచేసే గట్టి పట్టీ కూడా పంపమని మేనల్లుడికి చెప్పండి. గుడ్డ పట్టీతో తల ముందుకు వాలి, పైన రాసిన మెడ షాక్ ఆయనకుంటే అది ఎక్కువవుతుంది.

మొదటి రెండు వారాలు కూర్చునే: వస్తువుల్ని అందుకోవడానికి నడుము నుంచి పక్కలకు వంగడం, కాళ్లు మార్చి మార్చి ఎత్తడం. రోజుకి ఐదేసి నిమిషాలు రెండుసార్లు. తర్వాత నిలబడి బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, కమ్మీ పట్టుకుని పక్కకి అడుగు వేసి వెనక్కి రావడం. రోలర్‌కోస్టర్, ఎత్తుల మీద నడిచే ఆటలు, పిల్లలు సరదాగా పెట్టే దెయ్యాల వీడియోలు వద్దు. ఉలిక్కిపడితే ఆయన కాళ్లు బిగుసుకుపోతాయి.

నిజానికి హెడ్‌సెట్ రాకపోయినా నష్టం లేదు. నేలమీద రంగు టేపుతో అడుగేసి దూరంలో పది గీతలు అంటించి, మీరు రంగు పిలుస్తుంటే ఆయన గోడ కమ్మీ పట్టుకుని ఆ గీత దాటడం ఇలాంటి సాధనే. మాకైతే మొదటి నెల అదే నయమనిపిస్తుంది.

ప్రశ్న: మార్చి దాటితే నా కాళ్లు నావి కానట్టుంటాయి. మే నెలలో వీఆర్ సెషన్లు ఆపేయాలా? హెడ్‌సెట్ వేడికి జబ్బు పెరుగుతుందా?
– అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, బెజవాడలో ఎంఎస్ ఉన్నవారికి అంతకు రెండు నెలల ముందే కష్టం మొదలవుతుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా, పొర పోయిన నరంలో సందేశం ఆగిపోవచ్చు. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు గుర్తించిన సంగతి ఇది. ఒళ్లు చల్లబడితే కాళ్లు తిరిగి దారికొస్తాయి, సాధారణంగా గంటలోపే. కొత్త దెబ్బ తగిలినట్టు కాదు, జబ్బు పెరిగినట్టూ కాదు. హెడ్‌సెట్ వల్ల ముఖానికి చెమట పడుతుంది, కటకాలు మసకబారతాయి, అంతే. ఒంటిని వేడెక్కించేది మీ నడకే.

ఆపొద్దు, వేళ మార్చండి. ఉదయం ఏడులోపు సెషన్ దొరికితే మంచిది. గదిలో 24 డిగ్రీలు ఉండాలి. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ ఉన్నరోజుల్లో ఎయిర్‌కూలర్ పెద్దగా చల్లబరచదు, ఏసీనే కావాలి. బయల్దేరేముందు చల్లటి నీళ్లతో స్నానం చేయండి, సెషన్‌లో మెడకి తడి తువ్వాలు, విడతల మధ్య నాలుగు గుక్కల చల్లనీళ్లు. ఎండలో ఆటోలో వచ్చి వెంటనే ట్రెడ్‌మిల్ ఎక్కొద్దు. పావుగంట చల్లబడ్డాకే ఎక్కండి, లేకపోతే ఆరోజు కొలతలు కూడా తప్పుగా వస్తాయి. మూత్రం ఆపుకోలేమని నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. వేసవిలో అది మరీ ప్రమాదం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దాని జ్వరం కూడా కాళ్లను ఇలాగే పడేస్తాయి. చల్లబడినా నడక తిరిగి రాకపోతే ముందు మూత్ర పరీక్ష చేయించుకోండి.

వేసవి అంటే కరెంటు కోతలు కూడా. బెల్టు నడుస్తుండగా కరెంటు పోతే బెల్టు ఒక్కసారిగా ఆగుతుంది, మనిషి ముందుకు తూలుతాడు. ఇంటి ఇన్వర్టరు ట్రెడ్‌మిల్ మోటారును లాగలేదు. జనరేటర్ ఉన్నా మారేలోపు ఆ కుదుపు తప్పదు. హార్నెస్ లేకుండా ఒక్క నిమిషం కూడా ఎక్కించుకోకూడదనడానికి ఇదొక్కటి చాలు.

ప్రశ్న: మెరుగవుతున్నామో లేదో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా? సెంటర్ వాళ్లు ప్రతిసారీ 'బాగుంది' అనే అంటారు.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. డాబా మీదో, వరండాలోనో 7.62 మీటర్లు (25 అడుగులు) కొలిచి రెండు గీతలు గీయండి. మొదటి గీత మీద నిలబడి, పడిపోకుండా నడవగలిగినంత వేగంగా రెండో గీత దాటాలి. రెండుసార్లు చేసి సగటు రాసుకోండి. అదే చెప్పులు, అదే కర్ర, అదే వేళ. వారానికి ఒకసారి చాలు, రోజూ కొలిస్తే ఊరికే బెంగ. సమయం 20 శాతం మారితేనే అది నిజమైన మార్పని లెక్క. మొదట 10 సెకన్లు పడితే, 8కి వస్తే మెరుగు, 9.4 అయితే ఇంకా ఏమీ చెప్పలేం.

అదే దూరాన్ని వందలోంచి ఏడేసి తీసేసుకుంటూ (93, 86, 79...) మరోసారి నడవండి. ఉత్త నడకకు 8 సెకన్లు, లెక్కతో 10 సెకన్లు పడితే అదనపు భారం 25 శాతం. వీఆర్ తగ్గించాల్సింది ముఖ్యంగా దీన్ని. ఉత్త నడక సమయం అలాగే ఉండి ఈ భారం 25 నుంచి 10కి దిగినా మీ డబ్బు వృథా కాలేదు. లెక్క బాగా చెప్పి నడక ఆగిపోయిందా, నడిచేసి లెక్క వదిలేశారా అన్నది పక్కవాళ్లు గమనించి రాయాలి. పడిన రోజు, పడబోయి ఆపుకున్న రోజు క్యాలెండర్ మీద వేర్వేరు గుర్తులు పెట్టండి. ఆరు వారాల తర్వాత ఆ కాగితం పట్టుకెళితే 'బాగుంది' అన్న మాటకి అర్థం అడగొచ్చు.

ప్రశ్న: మా అత్తగారికి ఎంఎస్, ఎడమ పాదం వాలిపోతుంది, పాదానికి ప్లాస్టిక్ పట్టీ వాడతారు. ఆరు వారాల వీఆర్ శిక్షణ అయింది, నడక బాగుపడింది. దసరాకి ఇంద్రకీలాద్రి మెట్లెక్కి అమ్మవారిని చూస్తానంటున్నారు. పంపొచ్చా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ట్రెడ్‌మిల్ మీద నేర్చింది చదునైన నేల నడక. మెట్లకు మెట్ల మీదే సాధన కావాలి. తెర మీద కర్ర దాటినంత మాత్రాన తొడ కండరం మెట్టు ఎక్కేంత బలపడదు. పైగా కొండమీద చెప్పులు విప్పాలి. ఆ పట్టీ బూటులో ఉంటేనే పనిచేస్తుంది. ఒట్టి కాలికి తొడిగితే నున్నటి రాతి మీద జారుతుంది, విప్పేస్తే పాదం వాలి మెట్టు అంచుకి తగులుతుంది. దసరా రద్దీలో, క్యూలో గంటలకొద్దీ నిలబడ్డాక ఇంకా కష్టం. ఘాట్ రోడ్డు మీదుగా వాహనంలో, రద్దీ లేని మామూలు రోజు పొద్దున్నే తీసుకెళ్లండి. పాదాన్ని పైకి లాగి ఉంచే గుడ్డ, ఎలాస్టిక్ రకం పట్టీలు కూడా దొరుకుతాయి, కొన్ని ఒట్టి కాలికి తొడుక్కోవచ్చు. ఫిజియోథెరపిస్టుకి చూపించి, ఇంట్లో వారం రోజులు వాడి చూశాకే బయటికి. తప్పనిసరిగా నాలుగు మెట్లు ఎక్కాల్సివస్తే కమ్మీ పట్టుకుని కుడికాలు ముందు వేయమనండి, దిగేటప్పుడు ఎడమకాలు ముందు. మీరు ఎక్కేటప్పుడు ఆవిడకి ఒక మెట్టు కింద, దిగేటప్పుడు ఒక మెట్టు ముందు ఉండండి.